సెలవులకు అండమాన్ ఎందుకు వద్దన్నానంటే

మా మామ్మ ఎప్పుడూ అండమాన్ అనే మాట వాడలేదు. "నీళ్లకవతల" అనేది. పుస్తకాల్లో దానికి ద్వీపాంతర శిక్ష అని, ప్రవాస శిక్ష అని పేర్లున్నాయి. ఉత్తరాదివాళ్లు కాలాపానీ అన్నారు. పితూరీ రోజుల్లో మా ముత్తాత అన్నగారిని పోలీసులు పట్టుకుని రాజమండ్రి తీసుకెళ్లారట. అక్కడి నుంచి నీళ్లకవతలకి పంపేశారట. మరి రాలేదట. మామ్మ దగ్గర ఉన్న కథ ఇంతే. ఏ సంవత్సరమో, ఏ కేసో, ఏ ఓడో ఆవిడకి తెలీదు. ఒక్కటి మాత్రం ప్రతిసారీ చెప్పేది: ఆయనకు దినం చెయ్యలేదు. పోయినట్టు కబురు వస్తే కదా చెయ్యడానికి!

ఇప్పుడు మా అన్నయ్య సెలవులకు అక్కడికే వెళ్దామంటున్నాడు. ఆయనది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఎల్టీసీ మీద సొంతూరికి బదులు అండమాన్‌కి విమానంలో వెళ్లిరావచ్చు. అమ్మ ఇంతవరకూ విమానం ఎక్కలేదు. వదినకు సముద్రం ఇష్టం. పిల్లలు నీళ్లలో మునిగి చేపల్ని చూసే వీడియోలు చూసి చూసి ఉన్నారు. నేనొక్కదాన్నే వద్దన్నాను. నెల రోజులుగా మా ఇంట్లో ఇదే తగాదా. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ తగాదా మీ ముందు పెట్టడానికి కారణం ఉంది. నేను ఎందుకు భయపడుతున్నానో అన్నయ్యకు చెప్పడానికి చరిత్ర తిరగెయ్యాల్సి వచ్చింది. తిరగేశాక భయం తగ్గలేదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారింది.

ముందు మన సంగతి. మన్యం నుంచి మనుషుల్ని ఆ దీవులకు పంపడం ఒక్కసారి కాదు, రెండుసార్లు జరిగింది. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి చెబుతుంటారు.

మొదటిది 1879 నాటి రంప పితూరీ. ఆ కాలానికి మన్సబుదారు కల్లు మీద చిగురు పన్ను వసూలు చేస్తున్నాడు. దాని మీద ప్రభుత్వం కొత్త ఆబ్కారీ పద్ధతి పెట్టి, కల్లు హక్కును బయటినుంచి వచ్చిన గుత్తేదారులకు ఇచ్చేసింది. తన చెట్టు కల్లు తాను గీసుకుని తాగడానికి కొండమనిషి మరొకడికి డబ్బు కట్టాలి. అప్పులిచ్చిన షావుకార్లు కోర్టు కాగితాలతో కొండెక్కి పశువుల్ని తోలుకుపోయేవాళ్లు. మార్చి నెలలో చోడవరం వైపు మొదలైన తిరుగుబాటు ఇటు గొలుగొండ కొండలకీ, అటు భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య పేర్లు మీరు వినే ఉంటారు. ఇద్దరూ 1880లో చనిపోయారు. పట్టుబడ్డవాళ్లలో చాలామందిని అండమాన్ పంపారు.

ఇక్కడ ఒక విషయం. మనకు అండమాన్ అనగానే ఫొటోల్లో కనబడే సెల్యులార్ జైలే గుర్తొస్తుంది. ఆ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. 1880లో వెళ్లిన మనవాళ్లకు అది లేదు. వాళ్లని దించింది గదుల జైల్లో కాదు, అడవిలో. కాళ్లకి గొలుసులతో చెట్లు నరకడం, చిత్తడి పూడ్చడం, ఇటుకలు కాల్చడం, రోడ్లు వెయ్యడం వాళ్ల శిక్ష. మలేరియాతో పోయినవాళ్లు పోగా, ఏళ్లతరబడి మంచి నడవడిక చూపిస్తే టికెట్ ఇచ్చి, కొంత నేల ఇచ్చి దున్నుకోనిచ్చేవాళ్లు. కొందరు అక్కడే పెళ్లిళ్లు చేసుకుని ఉండిపోయారు. ఖైదీల పిల్లల్ని అక్కడ "లోకల్ బార్న్" అంటారు. ఆ పేరు కింద ఏ ప్రాంతం రక్తం ఎంత ఉందో ఎవరు తేలుస్తారు?

రెండోది మనందరికీ తెలిసిన అల్లూరి సీతారామరాజు పోరాటం. దాన్ని పుస్తకంలా చెప్పను, మీరు వెళ్లే చోటి నుంచే చెబుతాను. మీలో చాలామంది ప్రతి చలికాలం లంబసింగి వెళ్తున్నారు. తెల్లవారుజామున మంచులో ఫొటోలు పెడుతున్నారు. ఆ నర్సీపట్నం-చింతపల్లి ఘాట్ రోడ్డు మన తాతలతో వెట్టిగా, సరిగా కూలి ఇవ్వకుండా వేయించిన రోడ్డు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద కొండల్లో రగిలిన కోపానికి ఆ రోడ్డు పని ఒక పెద్ద కారణం. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకి అడ్డం పడటం ఇంకోటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి – మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకున్నారు. 1924 మే 7న రాజు చనిపోయాక మిగిలినవాళ్లని వేటాడారు. గాం గంటందొర కాల్పుల్లో పోయాడు. ఆయన తమ్ముడు మల్లుదొరకు ఉరిశిక్ష పడింది, తర్వాత దాన్ని ద్వీపాంతర శిక్షగా మార్చి అండమాన్ పంపారు.

ఇందులో ఒక వింత ఉంది. 1921లో ప్రభుత్వమే అండమాన్‌కు ఖైదీల్ని పంపడం ఆపేస్తున్నామని నిర్ణయించింది. అక్కడికి పంపడం ఆపాలని జైళ్ల కమిటీ చెప్పింది మరి. అయినా మలబారులో తిరగబడ్డ మాప్పిళ్లలని పంపారు, మన్యంలో తిరగబడ్డవాళ్లని పంపారు. మాప్పిళ్లల కుటుంబాలు కూడా తర్వాత వెళ్లాయి. దక్షిణ అండమాన్‌లో ఇవాళ మంజేరి, కాలికట్, వండూర్ అనే ఊళ్లున్నాయి. వాళ్లు తమ ఊళ్ల పేర్లను వెంట తీసుకెళ్లారు.

మల్లుదొర తిరిగొచ్చాడు. స్వతంత్రం వచ్చాక 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఉరికంబం దాకా వెళ్లి, నీళ్లు దాటి, పార్లమెంటులో కూర్చున్న మనిషి మన కొండల్లో పుట్టాడు. మన కాలేజీ పిల్లల్లో ఎంతమందికి ఇది తెలుసు?

అన్నయ్య దీన్నే పట్టుకున్నాడు. "అందుకే వెళ్దామంటున్నా. బెంగాలీవాళ్లు ఆ జైలుకి తీర్థయాత్రలా వెళ్తారు, గోడ మీద తమవాళ్ల పేర్లకి దండం పెట్టుకుంటారు. మనం వెళ్లకపోతే మనవాళ్లు అక్కడ లేనట్టే" అన్నాడు. మాట బలమైనదే. ఆ జైలు మధ్య గోపురంలో రాష్ట్రాలవారీగా పేర్లు చెక్కిన పాలరాతి పలకలున్నాయి. ఏడు రెక్కల జైల్లో ఇప్పుడు మూడు మిగిలాయి, 1979 నుంచి జాతీయ స్మారకం. గానుగకి మనిషిని కట్టి రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయించిన చోటు అది. కానీ ఆ పలకల మీద ఉండేది ఆ జైల్లో పెట్టిన రాజకీయ ఖైదీల పేర్లు. 1880లో ఓడెక్కించినవాడు చెట్టు కింద చనిపోయాడు. వాడికి గది లేదు, కాబట్టి పలకా లేదు.

జైలు గురించి నాకున్న భయం అమ్మే తీసేసింది. "పోయినోడిని సూడ్డానికి వందేళ్లకైనా ఒకరు ఎల్లాల గదే. మీ మామ్ముంటే నడిసైనా ఎల్లిపోను" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు అన్నయ్య టూరు కాగితం చూపించాడు. మొదటి రోజు జైలు, లైట్ అండ్ సౌండ్ షో. రెండు రోజులు హేవ్‌లాక్ – ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. నాలుగో రోజు బారాటాంగ్: సున్నపురాయి గుహలు, మట్టి అగ్నిపర్వతం. దాని పక్కన బ్రాకెట్లో రోడ్డు ప్రయాణం, తెల్లవారుజామున బయలుదేరాలి అని రాసి ఉంది. ఆ రోడ్డు ఎవరి అడవిలోంచి వెళ్తుందో కాగితంలో లేదు.

అది జరావాల అడవి. అక్కడి నుంచే నా రెండో భయం, అసలు భయం మొదలు.

ఖైదీల్ని పంపకముందు ఆ దీవులు ఖాళీగా లేవు. మన పాఠాల్లో ఆ సంగతి ఉండదు. గ్రేట్ అండమానీయులు, ఓంగేలు, జరావాలు, సెంటినలీయులు వేల ఏళ్లుగా అక్కడున్నారు. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ అనే అధికారి 200 మంది సిపాయి తిరుగుబాటు ఖైదీలతో వచ్చి దిగాడు. పారిపోయి మళ్లీ చిక్కిన 80 మందికి పైగా ఖైదీల్ని ఒకే రోజు ఉరి తీయించిన మనిషి. మిగిలినవాళ్ల చేత అడవి నరికించడం మొదలుపెట్టాడు. అడవి తమదైనవాళ్లు ఊరుకుంటారా? విల్లంబులతో ఎదురొచ్చారు. వాళ్ల బాణాలు తగిలింది ముందు ఎవరికి? గొడ్డలి పట్టుకున్న ఖైదీకి. తెల్లదొర వెనక ఉన్నాడు.

అలా పారిపోయినవాళ్లలో దూధ్‌నాథ్ తివారీ అనే సిపాయి ఒకడు. తోటివాళ్లు బాణాలకి పోయారు, గాయాలతో ఉన్న ఇతన్ని మాత్రం అండమానీయులు చంపకుండా వదిలారు. తమతో తిప్పుకున్నారు. తమ పిల్లనిచ్చారు. ఏడాదికి పైగా వాళ్ల తిండి తిని, వాళ్ల భాష నేర్చుకున్నాడు. 1859 మే నెలలో వాళ్లంతా కూడి అబెర్డీన్ దగ్గరున్న స్థావరం మీద పడబోతున్నారని తెలిసి, ముందురోజు రాత్రి తప్పించుకొచ్చి వాకర్‌కి చెప్పేశాడు. బాణాల ముందు తుపాకులు, ఓడ ఫిరంగులు సిద్ధంగా నిలబడ్డాయి. ఎంతమంది చనిపోయారో లెక్క పెట్టినవాళ్లు లేరు. తివారీకి క్షమాభిక్ష ఇచ్చి ఇంటికి పంపారు. కడుపుతో ఉన్న భార్యను అతను అడవిలోనే వదిలేశాడు.

ఆ అబెర్డీన్ ఇప్పుడు ఊరి నడిబొడ్డున బజారు. ఆ పోరాటానికి ఒక స్మారక స్తంభం ఉంది. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. దీవుల పేర్లు ఎన్నిసార్లు మార్చినా, మొదటినుంచీ అక్కడున్నవాళ్ల భాషలో ఆ చోటుకి ఏ పేరుండేదో అడిగినవాళ్లు తక్కువ.

తర్వాత తుపాకీ అవసరం పెద్దగా పడలేదు. "అండమాన్ హోమ్" అని పెట్టి, వాళ్లని తెచ్చి ఉంచి, పొగాకు, సారా అలవాటు చేశారు. ఖైదీల నుంచీ కాపలావాళ్ల నుంచీ సుఖరోగాలు పాకాయి. 1877లో తట్టు వచ్చి ఊడ్చేసింది. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 2011 జనాభా లెక్కల్లో 44 మంది. వాళ్లలో బో అనే తెగ భాషకు మిగిలిన చివరి మనిషి బోవా సీనియర్ అనే ముసలమ్మ 2010 జనవరిలో కన్నుమూసింది. కొన్నేళ్లపాటు ఆవిడకు తన భాషలో మాట్లాడటానికి ఇంకో మనిషి లేడు. అరకు వైపు కొండదొరల ఇళ్లలో కూబి భాష వచ్చిన ముసలివాళ్ల పక్కన తెలుగు మాత్రమే వచ్చిన మనవలు కూర్చుని ఉండటం నేను చూశాను. ఆ భాషకి వ్యాకరణం భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లోనే అచ్చువేశారు. వ్యాకరణం బీరువాలో ఉంటుంది, మాట నోట్లో ఉండాలి.

ఇది చదివాక మా ముత్తాత అన్నగారి గురించి నా ఆలోచన మారింది. ఇక్కడ తన అడవి కోసం తిరగబడ్డ మనిషి అక్కడికి వెళ్లాక ఏం పని చేసి ఉంటాడు? ఇంకొకళ్ల అడవి నరికే గొడ్డలి ఆయన చేతిలో పెట్టి ఉంటారు. ఎవరి బాణానికో ఎదురు నిలబెట్టి ఉంటారు. తప్పు ఆయనది కాదు, కాళ్లకి గొలుసున్నవాడికి ఇష్టాయిష్టాలేముంటాయి? కానీ ఒక ఆదివాసి చేత ఇంకో ఆదివాసి అడవిని కొట్టించడం ఆ ప్రభుత్వానికి తెలిసిన విద్య అని మనం గుర్తుపెట్టుకోవాలి.

ఖైదీలు చాలక 1918 నుంచి రాంచీ వైపు ఓరాఁవ్, ముండా, ఖడియా కూలీలను అడవి పనులకు తెచ్చారు. వాళ్ల వారసుల్ని అక్కడ "రాంచీలు" అంటారు. సొంతూళ్లో ఎస్టీలైన ఈ తెగలకు అండమాన్‌లో ఎస్టీ గుర్తింపు లేదు. మూడు నాలుగు తరాలుగా అడుగుతున్నారు. మనం సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కుతూ తిట్టుకుంటాం, నిజమే. వాళ్లకు ఎక్కడానికి మెట్టే లేదు.

ఇక ఆ రోడ్డు. పేరు అండమాన్ ట్రంక్ రోడ్డు. జరావాల కోసం 1957లో రిజర్వు ప్రకటించారు, 1970లలో దాని మధ్యలోంచే రోడ్డు వేశారు. జరావాలు ఏళ్లతరబడి దాన్ని ఎదిరించారు. 1998 ప్రాంతంలో బాణాలు లేకుండా బయటికి రావడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే వాళ్లలో తట్టు పాకింది. గ్రేట్ అండమానీయుల కథ మళ్లీ మొదలవుతుందని భయపడ్డవాళ్లు కోర్టుకి వెళ్లారు. రిజర్వులోంచి వెళ్లే భాగం మూసెయ్యమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు మూతపడలేదు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నీ వరుసగా నిలబెట్టి, టైము ప్రకారం పోలీసు బండి వెంట వదులుతారు. ఆగకూడదు, ఫొటో తియ్యకూడదు, తినడానికి ఏమీ ఇవ్వకూడదు. 2012లో ఒక వీడియో ప్రపంచమంతా తిరిగింది: తిండి కోసం జరావా ఆడపిల్లల్ని నాట్యం చెయ్యమంటున్న గొంతు అందులో వినబడింది. 2011 లెక్కల్లో జరావాలు 380 మంది. ఒక టూరిస్టు సీజన్లో ఆ రోడ్డు మీద రెండు మూడు రోజుల్లోనే అంతకంటే ఎక్కువమంది పోతారు.

"నాలుగో రోజు నేను రాను" అన్నాను. అన్నయ్యకు కోపం వచ్చింది. "మనమూ ఆదివాసులమే. వాళ్లు మనకు చుట్టాలవుతారు. చూస్తే తప్పేంటి?" అన్నాడు.

"చుట్టాల ఇంటికి కిటికీ అద్దం ఎత్తుకుని, ఆగకుండా పోతామా?"

"మరి అరకులో థింసా చూడ్డానికి టూరిస్టులు రాకపోతే మనవాళ్లు ఏం తింటారు? వాళ్లని రానిస్తావు, నువ్వు మాత్రం ఎక్కడికీ వెళ్లవు."

ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. థింసా బృందంలో మా చిన్నమ్మ కూతురు ఉంది. ఎన్ని నిమిషాలు ఆడాలో, ఎంత తీసుకోవాలో వాళ్లే మాట్లాడుకుంటారు. ఒంట్లో బాగోలేని రోజు ఆడదు. తాగినవాడు చెయ్యి పట్టుకుంటే చెంప మీద కొట్టి వెనక్కి వచ్చేసిన సందర్భమూ ఉంది. ఆ బేరంలో మనవాళ్లకు దక్కేది తక్కువే, అది వేరే తగాదా. కానీ వద్దు అనే మాట ఆమె నోట్లో ఉంది, ఎదుటివాడికి అర్థమవుతుంది. జరావాలు వద్దన్నది బాణాలతో. ఇరవై ఏళ్లకు పైగా అన్నారు. రోడ్డు అయినా వేశారు. ఇంకే భాషలో చెప్పాలి?

అన్నయ్య ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఇంతదూరం పోయి గుహలు చూడకుండా రావడమేంటని వదిన అంటోంది. మేనకోడలు మాత్రం, "అత్తా, మన ఊరికి బస్సులో వచ్చి కిటికీలోంచి ఫొటోలు తీసినవాళ్ల మీద నువ్వు కేకలేశావు కదా" అని అందరి ముందూ గుర్తుచేసింది. ప్రస్తుతానికి ఒప్పందం ఇలా ఉంది: మిగతా రోజులు నేనూ వస్తాను, బారాటాంగ్ సంగతి ఇంకా తేలాలి. నాలుగో రోజు బదులు అబెర్డీన్ స్తంభం దగ్గరకి, ఆ తర్వాత వైపర్ దీవికి వెళ్దామని నేను రాసిచ్చాను. సెల్యులార్ జైలు కట్టకముందు ఖైదీల్ని గొలుసులతో ఉంచింది వైపర్‌లోనే. 1880లో వెళ్లినవాళ్లు కాలుపెట్టే అవకాశమున్న నేల అది. అమ్మ దినం మాట ఎత్తింది. నూరేళ్లు దాటాక చెయ్యొచ్చా, ఒడ్డున చెయ్యొచ్చా, ఎవరి పేరు మీద చెయ్యాలి అని ఊళ్లో పెద్దల్ని అడిగి వస్తానంది. ఆయన పేరు మా ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు.

అందుకని మీతో ఒక పని ఉంది. గూడెం, చింతపల్లి, కొయ్యూరు, అడ్డతీగల, రాజవొమ్మంగి, రంపచోడవరం, రేకపల్లి – ఈ చుట్టుపక్కల ఏ ఊరివాళ్లయినా సరే, మీ ఇళ్లలో "తీసుకుపోయారు, మరి రాలేదు" అనే మనిషి కథ ఉంటే ముసలివాళ్లని కూర్చోబెట్టి అడగండి. పేరు, ఇంటిపేరు, ముఠా, ఊరు, ఎవరి కొడుకు, ఎవరి తమ్ముడు. తెలిసినంతే రాయండి, తెలియనిది కలపొద్దు. ఫోన్లో వాళ్ల గొంతు రికార్డు చేస్తే ఇంకా మంచిది. మన సంఘానికి పంపండి. ఆ దీవుల ఖైదీల రికార్డులు ప్రభుత్వ భాండాగారాల్లో ఇంగ్లీషు అక్షరాల్లో, పేర్లు వంకరటింకరగా ఉంటాయి. మన దగ్గర పేర్ల పట్టీ ఉంటేనే వాటిలో మనవాడు ఎవడో పోల్చుకోగలం. మా ఇంటి నుంచి మొదటి కాగితం నేను ఇచ్చేశాను. పేరు దగ్గర రెండూ రాశాను.